చక్రాలు వేస్తే బేసు తగ్గదు

అంబాజీపేట: కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు భుజాల మీద రావడం ఆచారం. మైకుసెట్టు బాక్సులకు ఆ నియమం లేదు. అయినా చక్రాలు బిగిస్తే బేసు తగ్గుతుందన్న జంకుతో కొందరు కుర్రాళ్లు నడుములు పడిపోయేలా మోస్తూనే ఉన్నారు.

ఆ జంకు అక్కర్లేదు. సెకనుకు 50 సార్లు కంపించే బేసు ధ్వనికి ఒక్కో అల పొడవు 22 అడుగుల పైమాటే. బాక్సు నాలుగంగుళాలు లేచినంత మాత్రాన చెప్పుకోదగ్గ తేడా రాదు.

పాట చెడేది వదులు బోల్టుతో. అది గలగలలాడుతుంది. బోల్టు కన్నంలోంచి గాలి పోతే బుసకొడుతుంది. రబ్బరు వాషరు వేసి గట్టిగా బిగించాలి. మోగేటప్పుడు బాక్సు జరగకుండా చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టాలి.

తడి చేలో మాత్రం చక్రం దిగబడుతుంది. అక్కడ భుజమే గతి.