ప్రాచీన కట్టడాలు - పక్షుల కాపురాలు

పాత కోటను చూచినప్పుడు మనకు దానిని కట్టించిన ప్రభువులు గుర్తుకు వస్తారు. ఆ ప్రభువులు గతించిన తరువాత కూడా గోడలను విడువని నివాసులు కొందరున్నారు. అవి పక్షులు. గోల్కొండలో కుతుబ్‌షాహీల పాలన 1687లో అంతరించింది. కాని వారి కమానుల క్రింద, గోడల సందులలో పక్షుల కాపురాలు నేటికీ సాగుతున్నాయి.

ఇందుకు కారణం సులభంగానే గ్రహించవచ్చు. పావురం సహజంగా కొండచరియలలో గూడు కట్టుకొనే పక్షి. చిలుక, గోరువంక, గుడ్లగూబ చెట్టు తొర్రలను ఆశ్రయిస్తాయి. రాయి, సున్నంతో కట్టిన దళసరి గోడ వాటికి కొండతో సమానం. రాయి జారిన రంధ్రం తొర్రతో సమానం. నునుపైన సిమెంటు గోడలలో ఆ వసతి లేదు.

వీటిలో విశేషమైనది స్విఫ్ట్ అనే చిన్న పక్షి. నల్లని దేహం, నడుముపై తెల్లని పట్టీ దీని గుర్తులు. కాళ్ళు మిక్కిలి పొట్టివి కావున ఇది కొమ్మపై వాలలేదు; గోళ్ళతో గోడను పట్టుకొని వ్రేలాడుతుంది. ఎగురుతూనే పురుగులను పట్టి తింటుంది. గాలిలో తేలే ఈకలను, గడ్డిపరకలను తన లాలాజలంతో అతికించి కమాను క్రింద గూడు నిర్మిస్తుంది. గుడ్లు పొదిగే కాలం గడిచినా రాత్రులందు ఆ గూటికే చేరుతుంది. కావున గూడు తొలగిస్తే దాని ఇల్లే పోయినట్లు.

గుడ్లగూబను అపశకునమని తరుముతాము. అది రాత్రంతా వేటాడేది ఎలుకలను. మేలు పొందేది మనం.

కట్టడాలకు మరమ్మతు తప్పదు. పావురాల రెట్టలోని ఆమ్లం సున్నపు పూతను తినివేస్తుందన్నదీ నిజమే. అయితే పావురాల కొరకు కట్టిన వల స్విఫ్ట్ దారిని కూడా మూసివేస్తుంది. పనికి ముందు ఏ రంధ్రంలో ఏ పక్షి ఉన్నదో చూడాలి. గుడ్లు, పిల్లలు ఉన్నచోట పని కొన్ని వారాలు ఆపాలి. కట్టడానికి హాని లేని రంధ్రాలను అట్లే ఉంచాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గుడ్లను పాడుచేయడాన్ని, గూళ్ళను కదల్చడాన్ని కూడా వేటగానే పరిగణించింది.

ఒకసారి ఒక పాత భవనానికి వెల్లవేయిస్తుండగా చూశాను. కూలివాడు గరిటెతో గూళ్ళను గీకి పడవేశాడు. రెక్కలు రాని పిల్లలు నేలపై పడ్డాయి. తల్లిపక్షులు సాయంకాలం వరకు అక్కడే తిరిగాయి. అతని తప్పేమీ లేదు. ఆగుమని చెప్పినవారు లేరు. చూస్తూ నిలబడిన నేనూ చెప్పలేదు.

మన కళాశాలలో వెల్లవేయించే ముందు విద్యార్థులచే గూళ్ళను లెక్కింపజేయవలసిందిగా కమిటీవారిని కోరుతున్నాను. దీనికి ఖర్చు లేదు. ఒక నిచ్చెన, కొంచెం ఓపిక చాలు.