స్టాలిన్ మరణము – కృష్ణా డెల్టా సంతాపభాష

'నియంత' యను పదమునకు సంస్కృతమున అదుపు చేయువాడనియు, రథము తోలు సారథియనియు అర్థములు గలవు. పగ్గములు పట్టినవాడు నియంత. ఆధునికాంధ్రమున ఈ మాట సర్వాధికారమును ఒక్కచేత బట్టిన పాలకునియందు రూఢమైనది. దానికి తోడుగా వచ్చిన 'నిరంకుశుడు' అను మాటకు అంకుశమునకు లోబడని యేనుగువంటివాడని భావము. ఒకటి ఇతరులను అదుపు చేయుటను, రెండవది తాను అదుపులో లేకుండుటను దెల్పును. (వెనుకటివారు నిరంకుశులన్నది కవులను; ఆ నిరంకుశత్వమువలన ప్రాణహాని లేదు.) సారథి రథముపైననే కూలినప్పుడు పగ్గములెవరి చేతికి పోవును, దూరమున నిలిచి ఆ రథమును నమ్ముకొన్నవారు ఏ మాటలతో శోకింతురు అనునది ఈ వ్యాసమునకు విషయము. దృష్టాంతము 1953 మార్చిలో సంభవించిన స్టాలిన్ మరణము. పరిశీలింపదలచిన ప్రదేశము మచిలీపట్నము, గుడివాడ, దివిసీమలతో కూడిన దిగువ కృష్ణా డెల్టా.

రాజు మరణించి వారసుడు చెంత లేనప్పుడు ఏమగునో రామాయణమున అయోధ్యాకాండము విపులముగా దెల్పుచున్నది. దశరథుని శరీరమును తైలద్రోణియందుంచిరి. అరాజకమైన దేశమునకు గలుగు అనర్థములను మునులు ఏకరువు పెట్టిరి. వసిష్ఠుడు కేకయమునకు దూతలను పంపెను. ఆ తైలద్రోణి శోకమునకు సాధనము కాదు, వ్యవధికి సాధనము. భరతుడు వచ్చువరకు కాలమును నిలిపియుంచుటకు ఏర్పడినది. మాస్కోలో ఇందుకు తలక్రిందుగా జరిగినది. అచ్చట వారసులందరును మంచము ప్రక్కనే యుండిరి. వారిలో అసలు వారసుడెవరో మాత్రము ఎవరికిని దెలియదు.

మార్చి 1వ తేదీన స్టాలిన్ పక్షవాతముతో తన గదిలో పడియుండగా, పిలువనిదే లోనికి బోవుటకు కావలివారు గంటల తరబడి సాహసింపలేదు. ఆయనను ఎరిగిన పెద్ద వైద్యులు కొందరు అప్పటికి ఆయన చెరసాలలోనే యుండిరి. వ్యాధి సంగతి 4వ తేదీన గాని లోకమునకు దెలుపబడలేదు. 5వ తేది రాత్రి 9 గంటల 50 నిమిషములకు ప్రాణము పోయినది. మన కాలమానమున అప్పటికే 6వ తేది ప్రవేశించినది. కడసారి చూపునకై యెగబడిన జనములో పలువురు తొక్కిసలాటకు బలియైరి. ప్రధానమంత్రి పదవి మాలెంకోవునకును, పార్టీ కార్యాలయము కొలది దినములలో క్రుశ్చేవునకును దక్కినవి. ఏప్రిల్ 4న వైద్యులపై మోపిన కుట్ర కల్పితమని ప్రభుత్వమే ప్రకటించినది. జూన్ 26న రహస్యపోలీసుల యధిపతి బెరియా నిర్బంధింపబడి, డిసెంబరులో కాల్చివేయబడెను.

ఈ మరణమునకు బందరు కాలువగట్టున ఎవరైనను ఏల కంటతడి పెట్టవలెను? సమాధానము మాస్కోలో లేదు, డెల్టాలోనే యున్నది. 1952 ఎన్నికలలో మచిలీపట్నము, గుడివాడ లోక్‌సభ స్థానములు రెండింటను కమ్యూనిస్టు అభ్యర్థులే నెగ్గిరి. ఆ సంవత్సరము జూన్ 22న విజయవాడనుండి 'విశాలాంధ్ర' దినపత్రిక వెలువడసాగినది. అంతకు ముందు చల్లపల్లి జమీందారీ రైతుల ఆందోళనయు, 1948 మొదలు మూడేండ్ల నిర్బంధమును ఈ నేలపై నడచినవి. 1949లో గుడివాడ ప్రాంతపు ఎలమర్రులోను, ఉయ్యూరు చెంతనున్న కాటూరులోను పోలీసులు గ్రామస్థులకు చేసిన అవమానమును జనము మరువలేదు. అట్టివారికి స్టాలిన్ ఒక దేశపు పాలకుడు కాడు. హిట్లరు సేనలను నిలిపినవాడు, భూమి దున్నువానిదను మాటకు దూరపు పూచీదారు. ఆ పాలనలోని నిర్బంధశిబిరములు, 1930 దశాబ్దపు వధలు వారికి శత్రుపక్షపు ప్రచారముగనే తోచినవి. శోకము నిజమైనది, శోకింపబడినవాడు మాత్రము వారు కల్పించుకొన్నవాడు. ఈ రెండింటిలో ఒకదానిని చూపి రెండవదానిని కొట్టివేయుట న్యాయము కాదని నా యభిప్రాయము.

దివిసీమకు ఇంకొక సన్నిహితసంబంధము గలదు. చల్లపల్లి చెంతనున్న మంగళాపురమున జన్మించిన చండ్ర రాజేశ్వరరావు 1951 ఫిబ్రవరిలో అజయ్ ఘోష్, డాంగే, మాకినేని బసవపున్నయ్యలతో గూడ రహస్యముగా మాస్కో వెడలి స్టాలిన్‌ను కలిసికొనెను. చైనా మార్గమా, రష్యా మార్గమా యని పార్టీలో చెలరేగిన వివాదము ఆయన ముందుంచబడినది. ఆ యేడు అక్టోబరులో తెలంగాణ సాయుధపోరాటము విరమింపబడినది. కావున డెల్టాలోని పార్టీకి స్టాలిన్ గోడమీది పటము మాత్రమే కాదు, తగవు తీర్చు పెద్ద. పెద్ద పోయిన యింట తగవు ఎవరు తీర్తురు? మాస్కోలోని అనిశ్చితి ఇచ్చటికి వచ్చిన దారి ఇదియే.

సంతాపము పార్టీ హద్దులను దాటినది. మార్చి 6న పార్లమెంటులో ప్రధాని నెహ్రూ శ్రద్ధాంజలి ఘటింపగా సభ వాయిదా పడినది. ఇక డెల్టాలో శోకసభ అను ప్రక్రియ అప్పటికే జనమునకు కరతలామలకము. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ఆత్మార్పణము చేసి మూడు నెలలైనను నిండలేదు. ప్రత్యేక రాష్ట్రము వచ్చునని దెలిసినను, రాజధాని యేదో, మద్రాసు సంగతి యేమో తేలలేదు. చిత్రపటము, పూలమాల, రెండు నిమిషముల మౌనము, తీర్మానము, జోహారులు – ఈ వరుస పిల్లలకు గూడ కంఠస్థమైన కాలమది.

ఇచ్చట భాషకు ఒక చిక్కు వచ్చినది. దేవుని నమ్మనివానిని 'స్వర్గస్థుడు' అనరాదు. 'పరమపదించెను' అనుటయు పొసగదు. కావున వామపక్షపు రచన 'అమరుడు' అను పదమును వరించినది. అమరకోశము తెఱచినచో అమరులనగా దేవతలే! స్వర్గమును విడిచి స్వర్గవాసుల పేరునే గ్రహించుట యైనది. శ్రీరాములకు ప్రజలిచ్చిన 'అమరజీవి' బిరుదము ఈ పదమునకు ఇంకను బలము చేకూర్చినది. 'కీర్తిశేషుడు' అను మాట మరింత ప్రమాదకరమైనది. దేహము పోగా కీర్తి యొక్కటియే మిగిలినవాడని దాని యర్థము. ఆ మిగిలినది గూడ పోయినచో ఏమనవలెనో నిఘంటువులు చెప్పవు. 'వర్ధంతి' చరిత్ర వేఱు. మైసూరున మహారాజు పుట్టినరోజు వర్ధంతి. మనకది చనిపోయిన దినము.

ఇంటిలో పోయినవారికి దినకర్మ గలదు. శోకమునకు అది హద్దు. సభలో పోయినవారికి అట్టి హద్దు లేదు, ఏటేట వర్ధంతి మాత్రమే యున్నది. దివిసీమవాసులు 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో పోయిన వేలమందిని ఏటేట తలచుకొందురు. ఆ శోకమును ఏ వార్తయు మార్చజాలదు. స్టాలిన్ శోకము అట్లు నిలువలేదు. 1955 జనవరిలో, ఆంధ్ర మధ్యంతర ఎన్నికల వేడిలో, మాస్కోలోని 'ప్రావ్దా' నెహ్రూ ప్రభుత్వమును మెచ్చుకొనెను. ఆ సంపాదకీయమును కాంగ్రెసువారు ఊరూర పంచిపెట్టిరి. 1952లో ఆంధ్ర ప్రాంతమున 41 స్థానములు గెలిచిన పార్టీకి ఈసారి 196లో 15 మాత్రమే దక్కినవి. ఓటమికి కారణములు పెక్కు. కాని పెద్ద పోయిన యింటి క్రొత్త యజమానులకు పొరుగువానితో పొత్తు ముఖ్యమని డెల్టా గ్రహించినది అప్పుడే.

1956 ఫిబ్రవరి 25న క్రుశ్చేవు చదివిన రహస్యోపన్యాసము ఆ 'శేషము'ను గూడ హరించినది. సంతాపతీర్మానమును వెనుకకు దీసికొను ఆచారము ఏ దేశమునందును లేదు. 1961 అక్టోబరు 31 రాత్రి లెనిన్ ప్రక్కనుండి స్టాలిన్ శరీరమును తొలగించి క్రెమ్లిన్ గోడ చెంత పూడ్చిరి. 1964 జూలైలో కృష్ణకు ఆవలి గట్టుననున్న తెనాలిలో పార్టీ చీలికకు సన్నాహసభ జరిగినది. నాడు ఒకే బల్లచుట్టు స్టాలిన్ యెదుట కూర్చున్న రాజేశ్వరరావు, బసవపున్నయ్యలు రెండు వేఱు పార్టీలకు నాయకులైరి.

మిగిలినది పేరు. 1953 మార్చి 1న జన్మించిన బిడ్డకు కరుణానిధి మద్రాసు సంతాపసభలో 'స్టాలిన్' అని పేరు పెట్టెను. అప్పటికి డెల్టాయు మద్రాసు రాష్ట్రములోనిదే. తెలుగునాటను లెనిన్, స్టాలిన్ అను పేర్లు తెలుగు ఇంటిపేర్ల ప్రక్కన చేరినవి. ఆ జార్జియా దేశీయుని జన్మనామము జుగాష్విలి. 'స్టాలిన్' ఉక్కు అను మాటనుండి ఆయన తాను దాల్చిన మారుపేరు. మన పిల్లలకు మాత్రము అది బారసాలనాడు బియ్యములో వ్రాసిన పేరు.