అంటువ్యాధులు: గ్రామపెద్దల కర్తవ్యము

వరాహనది యొడ్డుననున్న మా ఏటికొప్పాక లక్కబొమ్మలకు పేరుపొందిన గ్రామము. బొమ్మలుచేయు పనివారు అంకుడుకర్రను తరిమెన కెక్కింపకమునుపే పగులున్నదేమో యని త్రిప్పి చూతురు. ముందుగా కనుగొన్నచో ఒక్క కొయ్యముక్కతో నష్టము తీరును. ఊరిలో ప్రవేశించిన వ్యాధియు నిట్టిదే.

నా చిన్నతనమున మశూచికము సోకిన యింటి గుమ్మమునకు వేపమండలు కట్టెడివారు. ఇరుగుపొరుగులకు అది హెచ్చరికయే. కాని ఆ వార్త వీధి దాటి వైద్యాధికారికి చేరెడిది కాదు. అమ్మవారికి కోపము వచ్చునని పెద్దలే దాచెడివారు. ఆయనకు తెలియునాటికి మఱి నాలుగిండ్లలో మంచములు పడియుండెడివి. 1973 మొదలు 1975 వఱకు మన దేశమున ఆరోగ్యోద్యోగులు రోగి చిత్రపటము చేతబట్టి ఇంటింట విచారించిరి. వార్త తెచ్చినవారికి బహుమానమిచ్చిరి. రోగి దొరకినచోట చుట్టుపట్లవారి కందఱకు టీకాలు వేసిరి. 1975 తరువాత దేశమున ఆ వ్యాధి కానరాలేదు. 1980లో లోకమునుండియే తొలగినదని ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించినది. టీకా మునుపును ఉన్నదే. దానిని ముందుగా ఎక్కడ వేయవలెనో తెలిపినది వార్త.

నేడు అట్టి వార్తను సేకరించుటకు ఏర్పాటు కలదు. 2004లో ఆరంభమైన సమగ్ర వ్యాధి పర్యవేక్షణ పథకము మూడు పట్టికలను ఏర్పఱచినది. గ్రామ నర్సు చూచిన జ్వరములు, విరేచనములు మొదలగు లక్షణములు మొదటిది. వైద్యుడు పరీక్షించి యూహించిన వ్యాధి రెండవది. పరీక్షాశాలలో రూఢియైనది మూడవది. ఇవి జిల్లాకు చేరగా, ఏ యూర నెందఱు, మునుపటికన్న హెచ్చా తక్కువా అని సరిచూతురు. ఒక యింట విరేచనములు కలిగిన నది ఆహారదోషము కావచ్చును. ఒకే బావినీరు త్రాగు ఆఱిండ్లలో కలిగినచో బావిని శంకింపవలెను. 1854లో లండను నగరమున జాన్ స్నో అను వైద్యుడు కలరా మరణములను వీధివారిగా గుర్తించి, ఒక నీటిపంపే కారణమని తెలిసికొనినది ఈ మార్గముననే.

అప్పుడు చికిత్స రోగికే గాక బావికిని కావలెను. వేయి లీటర్ల నీటికి మంచి బ్లీచింగుపొడి 2.5 గ్రాముల చొప్పున కలిపి, గంటసేపు తోడకుండవలెను. జ్వరమైనచో రక్తపుచుక్క తీసి పరీక్షింతురు. మలేరియా సూక్ష్మజీవిని దోమకడుపులో రోనాల్డ్ రాస్ 1897లో సికిందరాబాదుననే కనుగొనెను. కావున మన్యమునకు పోయివచ్చినవారికి చలిజ్వరము తగిలినచో ఆనాడే పరీక్ష చేయించి, దోమతెరలో పరుండబెట్టవలెను. రోగిని కుట్టిన దోమయే మఱియొకని కుట్టును గదా.

పెద్దలారా! పట్టిక యెంత చక్కనిదైనను, చెప్పనిదానిని వ్రాసికొనజాలదు. రెండుమూడిండ్లలో ఒకే తీరు జ్వరముగాని విరేచనములుగాని కనబడినచో ఆ దినముననే నర్సుకో, ఆశా కార్యకర్తకో, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకో తెలుపుడు. అంతకన్న ముఖ్యమైనది మఱియొకటి. వ్యాధి చెప్పుకొన్న యింటిని ఎవ్వరును వెలిగా చూడకుండ కాచుట మీ చేతిలోనిది. రోగిని అవమానించు ఊర రోగము దాగును. దాగిన రోగమును ఏ యధికారియు పట్టజాలడు.