మందుకు చావని పురుగు

మేము ఉంటున్న సలాలాలో జూను నుండి సెప్టెంబరు వరకు సన్నని జల్లులు పడతాయి. ఇక్కడివారు ఆ కాలాన్ని ఖరీఫ్ అంటారు. ఆంధ్ర రైతు తన వానకాలపు పంటకు చెప్పే ఖరీఫు కూడా ఈ అరబ్బీ మాటే. ఇక్కడి కొబ్బరి, అరటి, బొప్పాయి తోటలను చూస్తే మన ద్వీపాలు గుర్తుకు వస్తాయి. తోట ఉన్నచోట పురుగు, పురుగు ఉన్నచోట మందు తప్పవు గదా!

మందు కొట్టినా పురుగు చావకపోతే, మందు కల్తీదని మొదట అనుకుంటాము. కల్తీ మందులు లేకపోలేదు. కాని అసలైన మందుకు కూడా చావని పురుగులు ఉన్నాయి. పురుగు మందుకు "అలవాటు పడింది" అనడం సరికాదు. వేల పురుగులలో ఏ ఒకటి రెండింటికో విషాన్ని విరిచే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. మందు జల్లెడ వంటిది. తక్కినవి చస్తాయి, అవి మిగులుతాయి, వాటి సంతానమే చేను నిండుతుంది. శనగపచ్చ పురుగుకు ఒక తరం సుమారు నెల. ఒక్క తల్లి వందలాది గుడ్లు పెడుతుంది.

ఇది కొత్త సంగతి కాదు. 1914లోనే అమెరికాలో మెలాండర్ అనే శాస్త్రజ్ఞుడు గంధకము, సున్నము కలిపిన మందుకు చావని పొలుసు పురుగును గూర్చి వ్రాశాడు. డి.డి.టి. గుణం కనిపెట్టిన ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి వచ్చింది. స్వీడన్ ఈగలు అప్పటికే ఆ మందును లెక్కచేయడం మానాయి.

మన పూర్వీకుల గడ్డమీద దీని ఫలితం ఘోరమైనది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలలో పైరిత్రాయిడ్ మందులను శనగపచ్చ పురుగు తట్టుకున్నది. రైతులు అప్పు తెచ్చి మళ్లీ మళ్లీ కొట్టారు. సాలీళ్లు, అక్షింతల పురుగులు వంటి మిత్రులు చచ్చాయి, శత్రువు మిగిలింది. పంట పోయింది, అప్పు మిగిలింది. పురుగును చంపని ఆ మందునే త్రాగి ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు. 1997-98లో వరంగల్లు ప్రాంతంలోనూ పత్తిరైతులకు ఇదే గతి పట్టింది.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. శనగపచ్చ పురుగు తగ్గింది. కాని గులాబీరంగు పురుగు దానికీ లొంగడం లేదని 2010లో గుజరాతు నుండి వార్త వచ్చింది. చేను చుట్టూ బీటీ కాని పత్తి కొన్ని వరుసలు వేయాలన్నారు. మందుకు చచ్చే పురుగులు అక్కడ బ్రతికి, చావనివాటితో జతకట్టి, ఆ శక్తిని పలుచన చేయాలని. చాలామంది వేయలేదు. చిన్న కమతంవాడు వరుసలు వదులుకోవడం తేలిక కాదు, వారిని తప్పుపట్టలేము.

మందు లేని దారి మనకు కొత్తది కాదు. మిడతలను తినడానికి 1762లో భారతదేశం నుండి గోరువంకలను మారిషసుకు తెచ్చారు. మన తాతలకంటే ముందే ఓడ ఎక్కిన కూలీలు అవి!

మందు కొట్టక తప్పనప్పుడు, డబ్బామీది పేరు మారితే మందు మారినట్లు కాదు. రెండు కంపెనీల రెండు పేర్లలో ఒకే జాతి విషం ఉండవచ్చు. ఇప్పుడు చాలా దేశాలలో డబ్బామీద ఆ జాతికి ఒక అంకె వేస్తున్నారు. మొదటిసారి కొట్టినదానికీ తరువాతిదానికీ ఆ అంకె వేరుగా ఉండాలి.