పిల్లలతో పాటల పండుగకు

చిన్నపిల్లలను తీసుకెళ్లే సంగీతోత్సవంలో శబ్దం చెవికి హాయిగా ఉండాలి, కూర్చోవడానికి చోటుండాలి, కార్యక్రమం పెందలాడే ముగియాలి. విజయనగరం అలాంటి కచేరీలకు తగిన ఊరు. 1919లో ఇక్కడ వెలసిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. ఘంటసాల, పి.సుశీల చదువుకున్నది ఇక్కడే. చిన్న సభలో పిల్లలు వీణనూ మృదంగాన్నీ దగ్గర నుంచి చూడగలుగుతారు.

తప్పెటగుళ్లు పిల్లలకు మరింత చేరువవుతాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల కళాకారులు గుండ్రని రేకు తప్పెటను రొమ్ముకు కట్టుకుని, కాలి గజ్జెలు ఘల్లుమనేలా చిందేస్తూ పాడతారు. చూస్తున్న పిల్లల కాళ్లూ ఆగవు.

విజయనగరంలో దసరా తర్వాతి మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి లక్షల్లో జనం వస్తారు. పసివాళ్లున్న కుటుంబాలకు ఆ తోపులాట కన్నా, ఆ రోజుల్లోనే జరిగే ఉత్సవాల సాయంత్రపు కచేరీ మేలు.

శబ్దం విషయంలో అశ్రద్ధ పనికిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పిల్లలు 75 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినకూడదు. శబ్దం పెరిగేకొద్దీ ఆ వ్యవధి వేగంగా తగ్గిపోతుంది. అందుకే స్పీకర్లకు దూరంగా, బయటికి వెళ్లే దారికి దగ్గరగా కూర్చోవాలి. మంచినీళ్లు, మరుగుదొడ్డి ఎక్కడున్నాయో ముందే చూసుకోవాలి. పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ ఉంచాలి.

గంటసేపు ఆనందంగా విన్న పాట, నిద్రమత్తులో విన్న రాత్రంతా కచేరీ కన్నా పిల్లల మనసులో ఎక్కువ కాలం నిలుస్తుంది.