ఉక్కు కర్మాగారం ఆగిన చలికాలం

భోగి నాడు తెల్లవారుజామున మంటల పొగ పైకి లేవదు. ఇంటి కప్పుల ఎత్తులోనే వీధంతా పరుచుకుంటుంది. ఎండెక్కాక గానీ విడిపోదు. మామూలుగా నేల దగ్గరి వెచ్చని గాలి పైకి లేస్తూ పొగను తనతో తీసుకుపోతుంది. చలికాలపు రాత్రి నేల త్వరగా చల్లారడంతో ఆ వరస తిరగబడుతుంది. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం (కింద చల్లగాలి, పైన వెచ్చగాలి ఉండే స్థితి) అంటారు. కుండకు మూత పెట్టినట్టన్నమాట.

మనకు ఆ మూత పొద్దెక్కితే తెరుచుకుంటుంది. అమెరికాలోని యూటా లోయ చుట్టూ కొండలున్నాయి. అక్కడ అది రోజుల తరబడి అలాగే ఉండిపోతుంది.

ఆ లోయలో జెనీవా అనే ఉక్కు కర్మాగారం ఉండేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కట్టారు. లోయలోని ధూళిలో పెద్ద వాటా దానిదే. కార్మిక వివాదం వల్ల 1986 ఆగస్టులో అది మూతపడింది. 1987 సెప్టెంబరులో కొత్త యజమానుల చేతుల్లో మళ్లీ నడిచింది. మధ్యలో ఒక పూర్తి చలికాలం గడిచిపోయింది.

ఆ చలికాలం విలువ కనిపెట్టినవాడు డాక్టరు కాదు. ఆర్డెన్ పోప్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు. అదే లోయలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాడు. పొగ ఊపిరితిత్తులను ఎంత పాడుచేస్తుందో తేల్చడానికి జనాన్ని గదిలో కూర్చోబెట్టి ఏళ్ల తరబడి పొగ పట్టించలేం. పొగ ఉన్న ఊరినీ లేని ఊరినీ పోలుద్దామంటే తిండి, సంపాదన, అలవాట్లు అన్నీ వేరుగా ఉంటాయి. ఇక్కడ మాత్రం అదే లోయ, అవే కుటుంబాలు, అవే ఆసుపత్రులు. మారింది కర్మాగారం ఒక్కటే. పైగా అక్కడ మోర్మన్ మతస్థులే ఎక్కువ. వారి మతం పొగాకును నిషేధిస్తుంది, కాబట్టి దోషాన్ని సిగరెట్ మీదికి నెట్టే వీలూ తక్కువే.

పోప్ ఆసుపత్రుల రికార్డులు తీసి, గాలిలోని పీఎం10 (10 మైక్రాన్లు, అంతకంటే సన్నని ధూళి) లెక్కల పక్కన పెట్టాడు. కర్మాగారం నడిచిన చలికాలాల్లో ధూళి దాదాపు రెట్టింపు ఉంది. శ్వాసకోశ జబ్బులతో ఆసుపత్రిలో చేరిన పిల్లల సంఖ్య 2 నుంచి 3 రెట్లు ఎక్కువ. మూతపడిన చలికాలంలోనూ గాలి కదలిక తక్కువే, అయినా ధూళి తగ్గింది. ఈ పరిశోధన 1989లో అచ్చయింది.

అభ్యంతరాలూ వచ్చాయి. ఆ ఏడాది వైరస్ జ్వరాలు తక్కువేమో అన్నారు. మంచి ప్రశ్నే. ఉక్కు కర్మాగారం లేని క్యాష్ లోయ అదే రాష్ట్రంలో ఉంది. పోప్ అక్కడి లెక్కలూ చూశాడు. జెనీవా మూతపడటానికీ తెరవడానికీ తగ్గట్టు అక్కడి ఆసుపత్రుల్లో హెచ్చుతగ్గులు కనబడలేదు.

నాకు అన్నిటికంటే నచ్చేది తర్వాత జరిగిన పని. గాలిని కొలిచేందుకు వాడిన పాత వడపోత కాగితాలు ఇంకా భద్రంగా ఉన్నాయి. కర్మాగారం మూతపడక ముందు, మూతపడినప్పుడు, తెరిచాక పట్టిన ధూళి వాటి మీదే ఉంది. అమెరికా పర్యావరణ సంస్థ శాస్త్రవేత్తలు దాని సారం తీసి, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఆరోగ్యవంతుల ఊపిరితిత్తుల్లోకి సమాన మోతాదుల్లో పంపారు. కర్మాగారం నడిచిన రోజుల ధూళికి వాపు ఎక్కువ వచ్చింది. అందులో లోహాల పాలు ఎక్కువ. అంటే ధూళి ఎంత ఉందన్నదే కాదు, దేని నుంచి వచ్చిందన్నదీ ముఖ్యమే.

ఆరు అమెరికా నగరాల్లో 8,111 మంది పెద్దలను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధన 1993లో వెలువడింది. అందులోనూ పోప్ ఉన్నాడు. పొగతాగే అలవాటు వంటివి లెక్క నుంచి తీసేశాక కూడా, అత్యంత కలుషిత నగరంలో మరణాల రేటు అత్యంత శుభ్రమైన నగరం కంటే 26 శాతం ఎక్కువ. పీఎం2.5 (వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు ఉండే ధూళి) మీద అమెరికా 1997లో మొదటిసారి పరిమితి పెట్టడానికి ఇలాంటి పరిశోధనలే ఆధారం.

పీఎం2.5కు మన దేశం 2009లో పెట్టుకున్న పరిమితి ఘనపు మీటరుకు ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది 5. గాలి పరిమితిలోనే ఉందని ఈసారి వార్తల్లో చదివితే, అది ఏ పరిమితో చూడండి.