మీకు తెలుసా? దాచిపెడితే రంగు మారిన బొమ్మ

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో వెర్మీర్ గీసిన పనిమనిషి చిత్రం ఒకటుంది. కిటికీ పక్కన నిలబడి, కూజాలోంచి గిన్నెలోకి పాలు వంచుతుంటుంది. 1660 ప్రాంతంలో వేసిన ఈ చిత్రం నిలువూ అడ్డమూ అర మీటరు కూడా ఉండదు. చాలాకాలం దీని మంచి ఫొటోను మ్యూజియం నెట్‌లో పెట్టలేదు. దాంతో ఎవరెవరో స్కాన్ చేసి పెట్టిన నకళ్లు పదివేలకు పైగా పోగుపడ్డాయి. వాటిలో చాలావరకు పసుపు తిరిగినవే. చివరికి మ్యూజియం దుకాణంలో సరైన రంగులతో అచ్చువేసి అమ్ముతున్న పోస్టుకార్డును చూసి, ఇది అసలు బొమ్మలా లేదే అని జనం అనుమానపడేదాకా వచ్చింది. 2011లో యూరోపియానా సంస్థ ఈ సంగతిని ఒక పత్రంలో రాసి, మిగతా మ్యూజియాలకు చెప్పింది.

తప్పుడు బొమ్మను వెళ్లగొట్టే దారి ఒక్కటే: అంతకంటే మంచిదాన్ని అందరి చేతిలో పెట్టడం. 2012లో రైక్స్‌మ్యూజియం రైక్స్‌స్టూడియో పేరుతో 1,25,000 కళాఖండాల ఫొటోలను పెద్ద సైజులో నెట్‌లోకి తెచ్చింది. దించుకోండి, కత్తిరించుకోండి, చీర మీద అచ్చువేసుకోండి, మీ ఇష్టం అంది. ఇప్పుడు ఆ పనిమనిషి బొమ్మను ఫోన్‌లో తెరిచి పెద్దది చేసి చూడండి. వెనక గోడకు దిగిన మేకు, దాని నీడ, పాత మేకులు పీకేసిన చిల్లులు, రొట్టె పొరల మీద వెలుతురు పడినట్టు పెట్టిన తెల్లటి చుక్కలు అన్నీ కనిపిస్తాయి. చిత్రం ఎదుట నిలబడినా ఇంత దగ్గరగా చూడనివ్వరు.

2017లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 3,75,000 ఫొటోలను ఏ హక్కూ అట్టిపెట్టుకోకుండా విడుదల చేసింది. 2020లో అమెరికాకే చెందిన స్మిత్సోనియన్ 28 లక్షలతో ముందుకొచ్చింది.

ఒక్క చిత్రానికి ఎంత పెద్ద ఫొటో తీయవచ్చో తెలుసా? 1642లో రెంబ్రాంట్ వేసిన 'నైట్ వాచ్' నాలుగున్నర మీటర్ల వెడల్పుంటుంది. దాన్ని ముక్కముక్కగా 8,439 ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో కలిపి 2022 జనవరిలో ఒకే ఫొటోగా పెట్టారు. మొత్తం 71,700 కోట్ల పిక్సెళ్లు. మిల్లీమీటరులో రెండు వందలో వంతుకు ఒక పిక్సెల్, అంటే మన రక్తంలోని ఎర్రకణం కంటే చిన్నది. రంగు ఎక్కడ పగిలిందో, ఎక్కడ పొడి రాలుతోందో మరమ్మతు నిపుణులు దీంట్లోనే వెతుక్కుంటారు. ఇది మామూలు ఫోన్‌లో ఎలా తెరుచుకుంటుందంటే, బొమ్మ మొత్తం మనకు రాదు. ఒకే బొమ్మను చిన్నదానినుంచి పెద్దదాకా రకరకాల సైజుల్లో దాచి, ప్రతి సైజునూ చిన్న చిన్న చదరాలుగా కోసి పెడతారు. మన తెర మీద ఏ మూల, ఏ సైజులో కనపడాలో అక్కడికి కావలసిన చదరాలే నెట్‌లో ప్రయాణిస్తాయి. వేలితో జరిపినప్పుడల్లా కొత్తవి వస్తుంటాయి.

మంచి ఫొటోను పంచిపెట్టడంలో ఇంకో మేలుంది. 2023 అక్టోబరులో లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగింది. వెబ్‌సైట్ మూతపడింది. స్కాన్ చేసిపెట్టిన రాతప్రతులు నెలల తరబడి ఎవరికీ అందలేదు. కానీ అదే లైబ్రరీ 2013లో పాత పుస్తకాల్లోని పది లక్షల బొమ్మలను ఫ్లికర్ అనే ఫొటోల సైట్‌లో పెట్టి, ఎవరైనా వాడుకోవచ్చంది. అవి చెక్కుచెదరలేదు.

ఇక మన రాళ్ల సంగతి. అమరావతి స్తూపాన్ని 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. అక్కడ దొరికిన శిల్పాలు ముందు మద్రాసుకు, 1859లో లండన్‌కు ఓడ ఎక్కాయి. నేడు బ్రిటిష్ మ్యూజియంలో వందకు పైగా ఉన్నాయి. మిగిలినవి చెన్నైలో, అమరావతిలో, ఇంకా అక్కడక్కడా. ఒక్క స్తూపాన్ని చూడాలంటే దేశాలు తిరగాల్సిందే. బ్రిటిష్ మ్యూజియం తన సేకరణను 2020 ఏప్రిల్‌లో కొత్తగా తీర్చి, 19 లక్షల ఫొటోలతో నెట్‌లో ఉంచాక లండన్‌లో ఉన్న భాగమైనా మన ఇంట్లోకి వచ్చింది. అందులో రెండు వైపులా చెక్కిన ఒక పలక తప్పక చూడాలి. ఒక ముఖాన ఉన్నది పాత కాలపు పని: బోధివృక్షం, దానికి మొక్కుతున్న జనం. కొన్ని శతాబ్దాల తర్వాత అదే రాయిని తిప్పి, రెండో ముఖాన స్తూపాన్నే దాని సింహాలతో, పూలదండలతో చెక్కారు. ఆ కట్టడం ఎలా ఉండేదో ఊహించుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం లేదనిపిస్తుంది నాకు.

ఆ పలక ఫొటోకు ఒక షరతుంది. చదువుకోసం, సొంతానికి ఉచితం. వ్యాపారానికైతే అనుమతి కావాలి. అమరావతి మీద పుస్తకం వేసి అమ్మాలనుకునే తెలుగు ప్రచురణకర్త కూడా లండన్‌ను అడగాలి. చట్టం పరంగా దీనికొక మూలం ఉంది. చదునైన చిత్రాన్ని ఉన్నదున్నట్టు తీసిన ఫొటోలో కొత్త సృజన లేదు కాబట్టి కాపీరైట్ పుట్టదని 1999లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు చెప్పింది. శిల్పం అలా కాదు. ఏ కోణం, ఏ వెలుతురు అని ఎంచుకోవడంలో ఫొటోగ్రాఫర్ పనితనం ఉంటుంది, దాంతో హక్కు వస్తుంది. చట్టం ఒప్పుకున్నా నాకిది న్యాయంగా తోచదు. పల్నాటి సున్నపురాయి మీద మనవాళ్లు ఉలిపెట్టి చెక్కిన బొమ్మ ఇది. మెట్రోపాలిటన్ తన చిత్రాలకు ఇచ్చిన స్వేచ్ఛ దీనికీ దక్కాలి.

మన సొంత మ్యూజియాలు కూడా నెట్‌లో ఉన్నాయి. పుణెలోని సీడాక్ సంస్థ తయారుచేసిన 'జతన్' సాఫ్ట్‌వేర్‌తో కేంద్ర ప్రభుత్వం నడిపే మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా పోర్టల్‌లో హైదరాబాద్ సాలార్‌జంగ్, నాగార్జునకొండ మ్యూజియాల వస్తువులు చూడవచ్చు. బ్రిటిష్ మ్యూజియం సైట్‌లో అయితే 'అమరావతి' అని ఇంగ్లీషు అక్షరాల్లో వెతకండి. 1880తో మొదలయ్యే నంబర్ల కింద ఆ రాళ్లు వరసగా వస్తాయి.